మా ఇంటి గొప్పతనం రద్దు కోరుతూ

కార్వర్స్ ల్యాండింగ్,
అక్టోబరు 6.

శ్రీమతి డయాన్ హోల్‌కామ్ గారి సముఖమునకు,
చారిత్రక కట్టడాల పరిరక్షణాధికారి,
సిటీ హాలు, రెండవ అంతస్తు.

వాటర్ స్ట్రీట్ 214 నంబరు ఇంటి కాపురస్తుడు, విశ్రాంత సీనియర్ అసిస్టెంటు (రెవెన్యూ) వేమవరపు రంగయ్య దాఖలు చేసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: చారిత్రక కట్టడములు – వాటర్ స్ట్రీట్ చారిత్రక ప్రాంతము – నం. 214 ఇంటికి కిందటి సంవత్సరం నా అర్జీ మీదనే తమరు దయచేసిన గొప్పతనమును రద్దుపరచి, సదరు ఇంటిని యథాపూర్వపు పనికిమాలిన స్థితికి చేర్చవలెనని కోరుట గురించి.

సూచిక: 1) కిందటి ఏటి నా అర్జీ, పద్నాలుగు పేజీలు. 2) దానిపై తమ ఉత్తర్వు, అర పేజీ. 3) నా భార్య ఎడమ తుంటి.

తమరు స్త్రీ అని నాకు తెలుసు. అయినా 'అయ్యా' అనే మొదలుపెట్టాను. తాలూకా కచేరీలో ముప్పై నాలుగేళ్లు నేను చూసిన అర్జీలన్నీ అలాగే మొదలయ్యాయి. 'అమ్మా' అంటే అది ఇంటికి రాసుకున్న ఉత్తరం అవుతుంది గానీ ఫైలులోకి ఎక్కదు. తప్పుగా భావించవద్దు. ఇక తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, తమ నోటీసు అడుగున చీమ తలకాయంత అక్షరాలలో, ఎవరి భాషలో వారు రాసుకోవచ్చుననీ, తర్జుమా సిటీ వారే చేయించుకుంటారనీ ఉన్నది. నా ఇంగ్లీషు వల్ల ఇదివరకు జరిగిన నష్టం చాలు. ఈసారి ఆ బాధ్యత సిటీ వారిదే.

1. నేను, నా భార్య లీలావతి, మా అమ్మాయి ఉజ్వల సదరు ఇంట్లో నాలుగేళ్లుగా కాపురం ఉంటున్నాము. ఉజ్వల ఇక్కడి ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఓహియో నది ఒడ్డున రెండు వీధుల నిండా ఎర్ర ఇటుక కట్టడాలు, ఇనప కమ్మీల బాల్కనీలు, ఎప్పుడు చూసినా నాలుగుంబావు చూపించే కోర్టు గడియారం, ఏ ఏడు వరద ఎంతదాకా వచ్చిందో గోడల మీద గీతలు – ఇవన్నీ చూసి మా అమ్మాయి మనసు పారేసుకుని ఈ ఇల్లు కొన్నది. షామ్‌బర్గ్‌లో ఉండే మా తోడల్లుడు కృష్ణమూర్తి అప్పుడే ఫోన్ చేసి హెచ్చరించాడు. పాత ఇల్లు కొంటే ప్లంబరు కంటే ముందు ప్లీడరును పెట్టుకోవాలి అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాము. ఆయన ఇంటికి చరిత్ర లేదు, మొన్న మొన్న కట్టింది. గోడకు గోరింటాకు రంగు వేసుకున్నా అడిగే నాథుడు లేడు. హాయిగా ఉన్నాడు.

2. కిందటి ఏడు మార్చి నెలలో తమ కార్యాలయం నుంచి ఇంటింటికీ ఒక పట్టిక వచ్చింది. అందులో మా వీధిలోని ముప్పై ఒక్క ఇళ్ల నంబర్లు, ప్రతి నంబరుకీ ఎదురుగా ఒక మాట. ఇరుగున 212, 'కంట్రిబ్యూటింగ్'. పొరుగున 216, 'కంట్రిబ్యూటింగ్'. మధ్యన మాది ఒక్కటి 'నాన్-కంట్రిబ్యూటింగ్'.

అయ్యా, మా వైపు కంట్రిబ్యూషన్ అంటే చందా. వినాయకుడి పందిరికి గానీ, ఆఫీసులో ఎవరైనా రిటైరైతే శాలువాకు గానీ ఇచ్చేది. మా వంశంలో చందా ఎగ్గొట్టినవాడు లేడు. అటువంటిది ఈ ఇంటివాళ్లు ఊరికి పైసా విదల్చరని అచ్చువేసి వీధి వీధంతా పంచినట్టు నాకు తోచింది. తల కొట్టేసినట్టయింది. వెంటనే నూట పదహారు డాలర్లకు చెక్కు రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తమ కౌంటరుకు వచ్చాను. తమరు చెక్కు పుచ్చుకోలేదు. అది చందా కాదు, మీ ఇంటికి చారిత్రక ప్రాముఖ్యత లేదని మాత్రమే దాని అర్థం అని ఎంతో ఓపికగా చెప్పి పంపారు.

అది విన్నాక నాకు ఇంకా మండింది. చందా బాకీ అయితే కట్టేసి పోవచ్చు. ప్రాముఖ్యత లేదంటే ఎలా ఊరుకోవడం? ఇంటికి వచ్చి ఉజ్వలతో చెబితే అది తలపట్టుకుని, ఆ మాట తిట్టు కాదు నాన్నా, వరం, వాళ్లిక మన జోలికి రారని అర్థం, వదిలేయండి అన్నది. నేను వినలేదు. కన్నకూతురి మాట విననివాడు తమ పరిరక్షణ కమిషను మాట వినక తప్పలేదు, అదీ నా ప్రారబ్ధం.

3. ఆరు నెలలు ఊరి లైబ్రరీ మేడమీద గదిలో కూర్చున్నాను. పాత డైరెక్టరీలు, పన్ను రిజిస్టర్లు, పత్రికల ఫిల్ములు. రెవెన్యూలో పనిచేసినవాడి చేతికి పాత కాగితం ఇస్తే వాడికి ఆకలిదప్పులుండవు. లీలావతి పులిహోర డబ్బాలో కట్టి ఇచ్చేది, సాయంత్రం దాన్ని అలాగే తిరిగి తెచ్చి తిట్లు తినేవాణ్ణి. కట్టడం 1871లో లేచిందని తేల్చాను. కెప్టెన్ ఇజ్రా టోలివర్ అనే స్టీమరు కెప్టెన్ గారు ఇందులో నివసించారని తేల్చాను. పద్నాలుగు పేజీల అర్జీ, ఇరవై రెండు జతపత్రాలు, ప్రతి దానికీ రంగు కాగితంతో ఫ్లాగు. కమిషను వారి ఎదుట తొమ్మిది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాను. 'ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్' అన్నాను. ఆ ముక్క లేకుండా మా కచేరీలో కాలవగట్టు తగాదా కూడా ముందుకు నడవదు.

ఏడుగురు సభ్యులూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. తమరు లేచి వచ్చి చెయ్యి కలిపి, ఇకనుంచీ మీరు కంట్రిబ్యూటింగ్ అన్నారు. నా పదవీ విరమణ నాడు కూడా నా కళ్లు చెమర్చలేదు, ఆ రోజు చెమర్చాయి. గుమ్మం పక్కన కంచు ఫలకం వచ్చింది: 'కెప్టెన్ టోలివర్ గృహము, 1871.' రోజూ పొద్దున్నే దానిని చింతపండు పెట్టి నేనే తోముతున్నాను. అందుకు అనుమతి కావాలని తమ నియమావళిలో ఎక్కడా లేదు, నేను ముందే చూసుకున్నాను.

4. ఈ ఏడు ఫిబ్రవరి పదకొండున ముందు మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉండగా, నా భార్య ఉత్తరాల డబ్బా చూసుకుని వస్తూ జారిపడింది. తొమ్మిది మెట్లు. అన్నీ రాతివే. ఎడమ తుంటి విరిగింది. ఆపరేషను, ఆ తర్వాత రెండు నెలలు మళ్లీ నడక నేర్పే రిహాబ్. ఏప్రిల్‌లో ఇంటికి తెచ్చినప్పుడు నలుగురు ఫైర్‌మెన్ ఆవిడను కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చారు. వాళ్ల తప్పేమీ లేదు, దేవుళ్లలాంటి మనుషులు, చెమటలు కక్కుతూ కూడా ఆవిడతో నవ్వుతూ మాట్లాడారు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. వాళ్లు వెళ్లాక ఆవిడ నాతో ఒకటే మాట అన్నది.

"మళ్లీ నన్నిలా మోయించకండి. నలుగురు మోసేది ఒక్కసారే ఉండాలి."

అంతే. అప్పటినుంచీ ఆవిడ గుమ్మం దిగలేదు. డాక్టరును కూడా ఫోన్లోనే చూస్తోంది. వాకరు పట్టుకుని రోజూ అరగంట బయట నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని, శీతాకాలం వస్తే ఇక కుర్చీయే గతి అని ఆ డాక్టరు చెప్పాడు. పడక ముందు ఆవిడ రోజూ సాయంత్రం నదిదాకా నడిచి, అక్కడి బెంచీ మీద కూర్చుని, బొగ్గు పడవలు వెళ్తుంటే లెక్కపెట్టుకుని వచ్చేది. ఇప్పుడు నేనొక్కణ్ణే వెళ్లి వస్తున్నాను. ఏం చూశారు అని అడుగుతుంది. నీళ్లు అంటాను. నలభై ఆరేళ్లుగా మీరింతే అంటుంది.

5. మెట్ల మీదుగా ఒక కర్ర ర్యాంపు వేస్తే ఈ కష్టం తీరుతుంది. మేస్త్రీ సిద్ధం. పని రెండు రోజులు. నాన్-కంట్రిబ్యూటింగ్ ఇంటికైతే కౌంటరు దగ్గర పది నిమిషాలలో పర్మిటు ఇచ్చేదాన్ని అని తమరే చెప్పారు, చెబుతూ పాపం నా మొహం చూడలేకపోయారు. కంట్రిబ్యూటింగ్ ఇల్లు గనుక కమిషను ఎదుటికి వెళ్లాలి. ముఖభాగము స్వరూపం చెడరాదు. కెప్టెన్ గారి మెట్లు వీధికి కనపడి తీరాలి. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని అప్పటికి నాకు తెలిసివచ్చింది.

జూన్ మీటింగులో నా దరఖాస్తు 'టేబుల్డ్' అన్నారు. మా దేశంలో బిల్లును టేబుల్ చేశారంటే సభ ఎదుటికి వచ్చినట్టు, సగం పని అయినట్టు. పరుగున ఇంటికి వెళ్లి లీలావతికి శుభవార్త చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చునే నాచేత రవ్వకేసరి చేయించింది. ఇరుగుకూ పొరుగుకూ పంచి వచ్చాను. జూలైలోనూ టేబుల్డ్ అన్నారు. మళ్లీ కేసరి. ఆగస్టులోనూ టేబుల్డ్ అనేసరికి, 216లో ఉండే పెద్దావిడ గిన్నె అందుకుంటూ జాలిపడి, ఈ దేశంలో టేబుల్ చేయడమంటే అటకెక్కించడమని చెప్పింది. ఆ మూడు నెలలూ నా భార్య చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నది. వాటిని నేనే తీసి లోపల పెట్టాను.

6. కమిషను వారు ఊరకే ఉన్నారని నేననను. సలహాలు ఇచ్చారు. వీధికి కనపడకుండా ర్యాంపు వెనక వైపు వేసుకోమన్నారు. వెనక పద్దెనిమిది మెట్లు, మెట్ల కిందనే వరదగోడ. అక్కడ ర్యాంపు వేస్తే నా భార్య నేరుగా వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. ఒక సభ్యుడు, రాతితో కట్టండి, కానీ రాయి పాతదై ఉండాలి అన్నాడు. ఇంకొకాయన, కర్రే కానివ్వండి, అయితే అది కొత్తగా కొట్టొచ్చినట్టు కనపడకూడదు, అలాగని పాతదేమో అనే భ్రమా కలిగించకూడదు అన్నాడు. పాతదీ కొత్తదీ కాని ఆ కర్ర ఏ అడవిలో దొరుకుతుందో సెలవిస్తే నేనే వెళ్లి కొట్టుకొస్తాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మాలో సామెత. తర్జుమా చేసేవారు దీన్ని కాస్త మెత్తగా చెయ్యగలరు.

7. ప్రతి శనివారం పదకొండింటికి పాత ఇళ్లు తిప్పి చూపించే హెరిటేజ్ వాక్ వారు మా ఇంటి ముందు ఆగుతారు. గైడు నా అర్జీలోంచే ఒప్పచెబుతుంది. కెప్టెన్ గారు ఇదిగో ఈ కిటికీలో కూర్చునే నదిని చూసేవారట, ఆ ముక్క నేను కూడా రాయలేదు, అది ఆమె సొంతం. వచ్చినవాళ్లందరూ తలెత్తి ఆ కిటికీని ఫొటో తీస్తారు. కిటికీలో లీలావతి ఉంటుంది. ఆవిడ చెయ్యి ఊపుతుంది, వాళ్లూ ఊపుతారు. ఒకాయన ఆవిడను కూడా ఈ ప్రదర్శనలో భాగం అనుకున్నాడట. నా భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

8. మా అమ్మాయి పక్క ఊళ్లో అసిస్టెడ్ లివింగ్ అనే ఒక వృద్ధుల వసతి చూసి వచ్చింది. నేలమట్టం గది, వెడల్పాటి తలుపులు, చుట్టూ నడిచే దారి, చరిత్ర ఏమీ లేదు. చోటు ఒక్కరికే ఉంది. నవంబరు ఒకటి లోగా చెప్పాలట. ఉజ్వలను నేను తప్పుపట్టను. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి తల్లి కాలు ఒళ్లో పెట్టుకుని వ్యాయామం చేయిస్తుంది. "నాన్నా, అమ్మ నడవాలి. ఇక్కడ కుదరకపోతే అక్కడైనా నడవాలి" అన్నది.

మా కాపురంలో మేమిద్దరం వేరుగా ఉన్నది ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు, నేను ఎన్నికల డ్యూటీకి వెళ్లినప్పుడు. ఆవిడ ఆ ఒంటిగదికి వెళ్లిపోతే ఈ కంచు ముక్కను పెట్టుకుని కెప్టెన్ గారి ఇంట్లో నేనొక్కణ్ణీ ఏం చేసుకోవాలి? కోపంగా రాస్తున్నానని అనుకోవద్దు. కోపంగానే రాస్తున్నాను, తమ మీద మాత్రం కాదు.

9. ఇక అసలు సంగతి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కెప్టెన్ టోలివర్ గారు ఈ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేదు. 1874 డైరెక్టరీలో ఉన్నది, కెప్టెన్ టోలివర్ గారి సరుకు, నం. 214 అని. నేను 'సరుకు' అన్న మాట వదిలేశాను. సర్వీసులో ఒక్క మెమో అందుకోనివాణ్ణి, డెబ్భై ఒకటో ఏట, ఇల్లు గొప్పదనిపించుకోవడం కోసం ఒక మాట మింగాను. ఏ కాగితం జతపరచాలో తెలిసినవాడికి ఏది జతపరచకూడదో కూడా తెలుస్తుంది.

ఆ సరుకు ఏమిటో రాయడానికి కలం రావడం లేదు. ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం. పీపాలకు పీపాలు. ఇది ఇల్లే కాదు, నలభై ఏళ్లపాటు గిడ్డంగి. 1912లో ఎవరో గదులు విడగొట్టి, ముందు ఈ తొమ్మిది మెట్లు కట్టి, ఇల్లు అనిపించారు. లైబ్రరీలో నాకొక ఫొటో కూడా దొరికింది, 1890 ప్రాంతానిది. ఇదే గుమ్మం. మెట్లు లేవు. గుమ్మంలోంచి వీధిలోకి ఏటవాలుగా వెడల్పాటి చెక్కల దారి, దాని మీదుగా ఇద్దరు మనుషులు పీపా దొర్లిస్తున్నారు. అంటే, తమరు కూడదంటున్న ర్యాంపే ఈ కట్టడానికి అసలు ముఖభాగము. కెప్టెన్ గారి మెట్లని తమరు కాపాడుతున్నవి కెప్టెన్ గారు చూడనైనా చూడలేదు.

ఆ ఫొటో నేను దాచడానికి కారణాలు రెండు. బయటపెడితే కెప్టెన్ గారి ఇల్లు కాస్తా గిడ్డంగి అయిపోతుంది. అది ఒకటి. రెండోది, పీపాలు పేర్చిన గది ఏదో కొలతల ప్రకారం చూసుకున్నాను. ఈశాన్యం మూల అని ఏరి కోరి నా భార్య దేవుడి పటాలు పెట్టుకున్న గది అదే. ఆవిడ ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా ఇంట్లో కోయనివ్వని మనిషి. ఈ సంగతి తెలిస్తే ఆ గదిలో దీపం పెట్టదు, ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదని నా భయం. కాలు సంగతి అటుంచి, మనసు విరుగుతుంది.

కాబట్టి ఈ తొమ్మిదవ పేరాను రహస్యంగా ఉంచవలెను. ఇంగ్లీషు తర్జుమా ఊరంతా అంటించుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. ఈ తెలుగు ప్రతి మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ మా ఇంటి చిరునామాకు తిప్పి పంపరాదు.

పై కారణాలను బట్టి, ఈ నెల పదహారున జరగబోవు విచారణలో తమరు దయతో

అ) సదరు ఇంటిని తిరిగి ప్రాముఖ్యత లేనిదిగా ప్రకటించి, కౌంటరు దగ్గరే పర్మిటు ఇప్పించవలెను. లేదా

ఆ) పంది మాంసం నాటి చెక్కల దారినే చారిత్రకముగా గుర్తించి, పునరుద్ధరణ పేరు మీదనైనా ర్యాంపు వేయనివ్వవలెను.

తప్పుడు దాఖలాకు ఏ శిక్ష వేసినా అది నాది. మా అమ్మాయికి గానీ నా భార్యకు గానీ సంబంధం లేదు. ఫలకం తీసేయాలంటే తీసేయండి, మరలు నేనే విప్పి సిటీ హాలుకు తెచ్చి ఇస్తాను. ఒకప్పుడు పీపాలకు ఇచ్చిన దారి ఇప్పుడు ఒక మనిషికి ఇమ్మంటున్నాను, అంతకు మించి ఏమీ అడగడం లేదు.

కేకలు వేయవలసిన చోట కూడా వ్యాకరణం తప్పకుండా రాసుకున్న ఈ మనవిని శీతాకాలం లోగా చిత్తగించవలెను.

చేసిన తప్పుకు తలవంచి,
తమ విధేయుడు,
వేమవరపు రంగయ్య

జతపరచినవి: ఫొటో ఒకటి. డైరెక్టరీ పేజీ, 'సరుకు' అన్న మాటతో సహా. ఎక్స్‌రే నకలు.

*

డయాన్ గారికి లీలావతి రాయునది.

ఆయన ఇదంతా రాసి, మడిచి, కవరు అంటించమని నాకే ఇచ్చారు. మా ఇంట్లో కవర్లు అంటించేది ఎప్పుడూ నేనే, అలవాటు కొద్దీ ఇచ్చేశారు. అంటించే ముందు చదవడం నా అలవాటు.

తొమ్మిదో పేరా రెండుసార్లు చదివాను. తర్వాత వాకరు పట్టుకుని లేచి, ఆ గదిలోకే వెళ్లి దీపం పెట్టాను. గృహప్రవేశం నాడు ఆ గదిలో పాలు పొంగించాం. మైల ఏదన్నా ఉంటే ఆ రోజే పోయింది. అయినా దేవుళ్లకు ఆ సంగతి నాకంటే ముందే తెలిసి ఉంటుంది. వాళ్లేమీ లేచి పోలేదు. పోదామన్నా మెట్లున్నాయి కదా.

నేను చదివానని ఆయనకు చెప్పకండి. తెలిస్తే దాని మీద ఇంకో అర్జీ రాస్తారు. ఫలకం కూడా తీయకండి. కావాలంటే అందులో సరుకు అన్న మాట చేర్చండి. పొద్దున్నే దాన్ని తోముకోకపోతే ఆయనకు కాఫీ దిగదు.

ఇక నా మాట. పదహారో తారీఖు విచారణకి ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఎవరైనా స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చని మీ నోటీసులో ఉందని ఉజ్వల చదివి వినిపించింది. నేను వస్తాను. చీర కూడా తీసి పెట్టుకున్నాను. కిందికి ఎలా దిగి రావాలో మీరు కబురు చేయండి.

– లీలావతి